సెట్టుకు వెనకవైపు ఉండదు

(పర్యాటక కోర్సు చదువుతున్న విద్యార్థుల కోసం నల్లగొండలో జరిగిన సభలో, సినిమా కళా విభాగంలో ముప్పై ఏళ్లకు పైగా సెట్లు కట్టిన ఒక మేస్త్రీ చేసిన ప్రసంగం)

పెద్దలకు నమస్కారం. పిల్లలకు ఆశీస్సులు.

నన్ను పిలవడానికి వచ్చిన అధ్యాపకులు అడిగిన ప్రశ్న ఇది: పేరుమోసిన సినిమాల లోకాలను థీమ్ పార్కుల్లో కట్టవచ్చా, కూడదా? సెట్లు కట్టి బతికినవాణ్ణి ఈ ప్రశ్న అడిగితే ఏమంటాడు? కట్టండి అంటాడు. కూలి వస్తుంది కదా. నా మాటల్లో ఆ స్వార్థం ఎంతో కొంత ఉంటుంది. తూకం వేసేటప్పుడు గోనెసంచి బరువు తీసేసినట్టు దాన్ని తీసేసి వినండి.

నా చదువు బడిలో కంటే ఎక్కువ పెద్దగట్టు జాతరలో సాగింది. సూర్యాపేట పక్కన దురాజ్‌పల్లి గుట్ట మీద రెండేళ్లకోసారి లింగమంతుల స్వామి జాతర జరుగుతుందని మీకు నేను చెప్పనక్కర్లేదు. గజ్జెల లాగులు, భేరీల మోత, "ఓ లింగా" అన్న కేక, ఇవన్నీ గుట్ట మీద. గుట్ట కింద ఇంకో జాతర. రంగులరాట్నాలు, మృత్యుబావి, అద్దాల గది, ఫొటో స్టూడియోలు. మా మేనమామ బోర్డులు రాసేవారు. రాట్నాలవాళ్లు జాతరకు వారం ముందే ఆయన దగ్గరికి రేకులు తెచ్చేవారు. పెద్ద రాట్నం నడిమధ్యన గుండ్రటి రేకు ఒకటి ఉంటుంది, దాని మీద ఆ ఏడాది ఆడిన సినిమా హీరో మొహం ఉండాలి. కిందటి జాతర నాటి మొహాన్ని ఉప్పుకాగితంతో గీకడం నా పని. పన్నెండేళ్ల పిల్లవాణ్ణి, ఎంతని గీకుతాను? ఒక్కోసారి కొత్త హీరో ముక్కు కింద పాత హీరో మీసం కనిపించేది. మామయ్య ఒకటి మొట్టి, దాని మీద ఇంకో పూత వేసేవారు.

రాట్నం మాత్రం అదే. అదే ఇనుము, అవే బేరింగులు, అదే డీజిల్ ఇంజను. హీరో మారితే ఖర్చు రెండు డబ్బాల రంగు. ఎక్కినవాళ్ల కడుపులో తిప్పేది ఇనుము, ఎక్కాలనిపించేది మొహం. రెండింటికీ మధ్య ఒక ఉప్పుకాగితం దూరం ఉండేది. ఇప్పుడు పెద్ద దేశాల పార్కులవాళ్లు చేస్తున్నది వేరు. వాళ్లు రేకు మీద మొహం రాయడం లేదు, ఇనుమునే ఆ మొహం ఆకారంలో పోత పోస్తున్నారు. నాలుగేళ్లకు ఆ సినిమా పాతబడితే గీకడానికి ఏమీ ఉండదు. మొత్తం పడగొట్టాలి.

మొదట్లో ఇలా ఉండేది కాదు. కాలిఫోర్నియాలో డిస్నీలాండ్ తెరిచింది 1955 జూలై 17న. అదే ఏడాది డిసెంబర్ 10న మన నాగార్జునసాగర్‌కు నెహ్రూ శంకుస్థాపన చేశారు. అందుకే ఆ తేదీ నాకు గుర్తు. ఆ మొదటి డిస్నీలాండ్‌లో ఐదు భాగాలు ఉండేవి. పాతకాలపు ఊరి వీధి ఒకటి, అడవి ఒకటి, సరిహద్దు పల్లె ఒకటి, రేపటి లోకం ఒకటి, కథల కోట ఒకటి. కార్టూన్ సినిమాలు తీసిన కంపెనీయే అయినా, సినిమాను ప్రధానంగా ఆ కథల కోటలోనే పెట్టింది. 1967లో పడవ మీద తీసుకెళ్లి సముద్రపు దొంగల్ని చూపించే రైడ్ కట్టారు. దానికి అప్పుడు సినిమా లేదు. ఆ రైడ్ పేరు మీద సినిమా వచ్చింది 2003లో, అంటే ముప్పై ఆరేళ్లకు. సినిమా బాగా ఆడితే 2006లో ఆ సినిమా కెప్టెన్ బొమ్మను తెచ్చి పాత రైడ్‌లో నిలబెట్టారు. మనవడి పెళ్లి ఫొటోను తాత గదిలో వేలాడదీసినట్టు.

నెదర్లాండ్స్‌లో ఎఫ్తెలింగ్ అని ఇంకా పాత పార్కు ఉంది, 1952 నాటిది. అమ్మమ్మలు చెప్పే కథల మీద కట్టారు. ఇప్పటికీ నడుస్తోంది. అమ్మమ్మ కథకు నిర్మాత ఉండడు కాబట్టి హక్కుల గొడవ లేదు. ఈ హక్కుల సంగతి మీరు పరీక్షకు చదువుతారో లేదో కానీ, ఉద్యోగంలో చేరిన మొదటి నెలలోనే తెలిసొస్తుంది. స్పైడర్‌మ్యాన్‌ను పుట్టించిన మార్వెల్ కంపెనీని డిస్నీ 2009లో కొనుక్కుంది. అయినా ఫ్లోరిడాలో స్పైడర్‌మ్యాన్ రైడ్ నడుపుతున్నది పోటీదారు యూనివర్సల్. ఎందుకంటే ఒప్పందం అంతకు ముందే అయిపోయింది. సొంత కొడుకు పక్కింట్లో దుకాణం పెట్టుకున్నట్టు ఉంటుంది.

ఇక సినిమా లోకాలే కావాలన్న పరుగు ఎక్కడ మొదలైందంటే, చాలామంది చెప్పేది 2010 జూన్ 18. ఫ్లోరిడాలోని యూనివర్సల్ పార్కులో హ్యారీ పాటర్ లోకం తెరిచిన రోజు. ఆ పార్కుకు 2009లో 46 లక్షల మంది వస్తే, 2011లో 76 లక్షల మంది వచ్చారని పరిశ్రమ అంచనా. ఇంత పెరుగుదల చూశాక ఏ యజమాని నిద్రపోతాడు? అందరూ సినిమా కావాలన్నారు. ఏ సినిమా అని అడిగినవాళ్లు తక్కువ.

నా వృత్తి ప్రకారం అక్కడ నన్ను ఆకట్టుకున్నది కోట కాదు, ఒక చిన్న దుకాణం. మంత్రదండాలు అమ్మే కొట్టు. ఒకేసారి కొద్దిమందినే లోపలికి పంపుతారు. గోడ నిండా దుమ్ముపట్టినట్టున్న అట్టపెట్టెలు. దుకాణదారు గుంపులో ఒక పిల్లనో పిల్లవాణ్నో పిలుస్తాడు. ఒక దండం ఇస్తాడు, ఊపితే ఏదో తప్పు జరుగుతుంది. ఇంకొకటి ఇస్తాడు, మళ్లీ ఏదో చెడుతుంది. మూడోది చేతిలో పెట్టగానే వెలుగు మారుతుంది, సంగీతం వస్తుంది. నువ్వు దండాన్ని ఎంచుకోలేదు, దండమే నిన్ను ఎంచుకుందన్నమాట. ఆ పిల్ల తల్లిదండ్రులు ఇక కొనకుండా బయటికి రాగలరా? అమ్మకం సంగతి అలా ఉంచండి. అక్కడ హ్యారీ లేడు, గమనించారా? రైడ్‌లో తెర మీద కనిపిస్తాడు తప్ప ఆ వీధిలో ఎక్కడా తిరగడు. ఆ లోకానికి హీరో అక్కర్లేదు. వీధి ఉంది, దుకాణం ఉంది, తాగడానికి ఏదో నురగ పానీయం ఉంది, బడి ఉంది. హీరో స్థానం ఖాళీగా ఉంది కాబట్టి వచ్చిన పిల్ల అందులోకి దూరింది.

2017 మే నెలలో డిస్నీ తెరిచిన పండోరా, అంటే అవతార్ సినిమాలోని లోకం, దీనికి ఇంకా గట్టి సాక్ష్యం. ఆ సినిమా వచ్చింది 2009లో, రెండో భాగం వచ్చింది 2022లో. మధ్యలో పార్కు తెరిచారు. సినిమా హీరో పేరేమిటో ఇక్కడ ఎవరైనా చెప్పగలరా? ఎవరూ చేయి ఎత్తలేదు. నాకూ చప్పున గుర్తు రాదు. గాలిలో తేలే కొండలు మాత్రం అందరికీ గుర్తున్నాయి. పార్కువాళ్లు ఆ కొండల్నే కట్టారు. ఆ రైడ్ కోసం జనం గంటల తరబడి వరుసలో నిలబడ్డారు.

అందుకని నా లెక్క ఇది. పార్కులో కట్టదగిన సినిమా ఏదంటే, హీరోను తీసేసినా ఊరు మిగిలే సినిమా.

ఈ లెక్కను మన సినిమా మీద పెట్టి చూడండి. గట్టి చిక్కు వస్తుంది. మన సినిమా మొహం చుట్టూ తిరుగుతుంది. హీరో ఎక్కడ నడిస్తే అదే ఊరు. పాట ఒక దేశంలో, పోరాటం ఇంకో గోదాములో, క్లైమాక్స్ ఎవరికీ తెలియని కొండల్లో. ఈమధ్య బాగా ఆడిన పది సినిమాలు తలచుకోండి. హీరో ఇంటి తలుపు ఏ రంగో గుర్తుందా? ఆ తలుపుకు రంగు వేసినవాణ్ణి, నాకే గుర్తులేదు. మొహాన్ని పార్కులో ఎలా కడతారు? బొమ్మ చేసి పెడితే మైనపు బొమ్మల మ్యూజియం అవుతుంది. వేషం వేసినవాణ్ణి నిలబెడితే, "ఈయన అంత పొడుగు లేడు" అని మన జనమే అంటారు.

దుబాయిలో బాలీవుడ్ పార్క్స్ అని 2016 నవంబర్‌లో తెరిచారు. షోలే, లగాన్, దబంగ్ లాంటి సినిమాల మీద రైడ్‌లు. 2023లో మూసేశారు. కరోనా ఉంది, ఊరికి దూరం ఉంది, ఇంకా చాలా ఉన్నాయి. ఒక్క కారణం చెప్పడం తప్పు. అయినా నా వంతుగా ఒకటి కలుపుతాను: మొహాల సినిమాలతో లోకాలు కట్టబోయారు. మహారాష్ట్రలో ఖోపోలీ దగ్గర 2013లో తెరిచిన ఇమాజికాలో మిస్టర్ ఇండియా రైడ్ ఉంది. ఆ సినిమా 1987 నాటిది. హీరో కనిపించడు, అదే కథ. బహుశా పార్కుకు పనికొచ్చే హీరో అతనొక్కడేనేమో!

మనకు ఊరున్న సినిమాలు లేవా అంటే, ఉన్నాయి. మాహిష్మతి ఉంది. విజయవాడ హైవే మీద హైదరాబాద్ వెళుతూ మీరందరూ రామోజీ ఫిల్మ్ సిటీ దాటి వెళతారు, 1996లో మొదలైంది, ప్రపంచంలోనే పెద్ద స్టూడియోగా గిన్నిస్‌కు ఎక్కింది. బాహుబలి సినిమాలు 2015లో, 2017లో వచ్చాయి. ఆ సెట్టును తీసేయకుండా సందర్శకులకు ఉంచారు. హీరో లేకపోయినా జనం అక్కడ ఫొటోలు దిగుతున్నారంటే, ఆ సినిమాలో ఊరు ఉంది కాబట్టే.

దానికంటే పాతది ఇంకొకటి ఉంది. 1957లో వచ్చిన మాయాబజార్. ఆలోచించండి, ఆ సినిమా కథే ఒక థీమ్ పార్కు కథ! పెళ్లివారిని ఏమార్చడానికి ఘటోత్కచుడు తన మనుషులతో రాత్రికి రాత్రి ఒక ఊరు సృష్టిస్తాడు. ఊరంతా మాయ. విడిది ఉంది, బజారు ఉంది, దుకాణాలున్నాయి. అడుగుపెట్టినవాణ్ణి ఆడించే గింబళి, పడుకున్నవాణ్ణి పడేసే గిల్పం, అవి రైడ్‌లు కాక మరేమిటి? ఇంకా వెనక్కి వెళితే మయసభ. నీళ్లున్నచోట నేల అనుకొని, నేల ఉన్నచోట నీళ్లనుకొని దుర్యోధనుడు అడుగు తప్పాడు, ద్రౌపది నవ్వింది, కురుక్షేత్రం జరిగింది. "జాగ్రత్త, నేల జారును" అన్న బోర్డు ఒకటి పెట్టి ఉంటే ఎంత రక్తం మిగిలేది!

(నవ్వులు)

ఇప్పుడు నా పని సంగతి. కెమెరా ఎక్కడ నిలబడుతుందో దర్శకుడు చెబుతాడు. కోట అటువైపే ఉంటుంది. వెనక్కి వెళితే సరుగుడు బాదులు, మేకులు, కొబ్బరిపీచు కలిపి పోసిన ప్లాస్టర్ పలకలు, ఆ నీడలో అన్నం తింటున్న లైట్‌మెన్. షూటింగు అయ్యేదాకా నిలబడితే చాలు. గట్టి వాన ఒక్కటి పడితే మహారాజుగారి సింహాసనం ముద్దయిపోతుంది. పార్కుకు వచ్చేవాడు కెమెరా కాదు. వాడికి కాళ్లున్నాయి, వెనక్కి వెళతాడు. చేతులున్నాయి, తడతాడు. గోళ్లున్నాయి, తన పేరు గీస్తాడు, పక్కన ఇంకో పేరు గీసి మధ్యలో బాణం వేస్తాడు.

ఆ మధ్య మా మనవరాలిని ఒక పార్కుకు తీసుకెళ్లాను. పేరు ఎందుకులెండి. ఏడేళ్ల పిల్ల. రాతి ద్వారం దగ్గర నిలబెట్టి ఫొటో తీస్తున్నాను. అది వెనక్కి తిరిగి, కొబ్బరికాయ చూసినట్టు ఆ స్తంభాన్ని వేళ్లతో కొట్టింది. "తాతా, ఇందులో ఏమీ లేదు" అంది. ముప్పై ఏళ్లు నేను దాచిపెట్టిన రహస్యాన్ని రెండు వేళ్లతో బయటపెట్టింది. ఆ తరవాత ఆ సాయంత్రమంతా ప్రతి గోడనూ కొట్టుకుంటూ నడిచింది. పార్కులో ఆమెకు అదే ఆట అయింది.

అందుకే సినిమా లోకం కట్టేవాళ్లకు సెట్టు ఖర్చు వేరు, కట్టడం ఖర్చు వేరు అని చెబుతాను. నాలుగు వైపులా కట్టాలి, ఎండకు వానకు నిలవాలి, మురుగు పోవాలి, మంటలంటుకుంటే జనం బయటపడాలి. అంత ఖర్చు పెట్టాక టికెట్టు ధర ఎక్కడ ఆగుతుంది? ఫ్లోరిడాలో స్టార్ వార్స్ పేరుతో వంద గదుల హోటలు ఒకటి తెరిచారు, 2022 మార్చిలో. అంతరిక్ష నౌకలో ఉన్నట్టే రెండు రాత్రులు గడపాలి. ఇద్దరికి దాదాపు 4,800 డాలర్ల నుంచి మొదలు. వెళ్లినవాళ్లు చాలామంది మెచ్చుకున్నారు. 2023 సెప్టెంబర్‌లో మూతపడింది. ఎంత పెద్ద సినిమా అయినా, అంత డబ్బు పెట్టి దాంట్లో పడుకునేవాళ్లు కొందరే ఉంటారు.

ఇక మన నల్లగొండ సంగతికి వస్తాను. సాగర్ దగ్గర సినిమా పేరుతో పెద్ద పార్కు పెడితే బాగుంటుందని మీలో కొందరు ప్రాజెక్టు రాశారట. అధ్యాపకులు చూపించారు, బొమ్మలు బాగా గీశారు. నాకు నార్వే గుర్తొచ్చింది. ఫ్లోరిడాలో డిస్నీవాళ్లదే ఎప్‌కాట్ అని పార్కు ఉంది, 1982 నాటిది. దేశానికొక మండపం. నార్వే మండపంలో ఆ దేశపు వైకింగులు, వాళ్ల జానపద భూతాలు ఉన్న పడవ రైడ్ ఉండేది. 2014లో దాన్ని మూసి, 2016లో అదే పడవ దారిలో ఫ్రోజెన్ సినిమా పెట్టారు. జనం పెరిగారు, ఆ మాట ఒప్పుకోవాలి. పిల్లలకు నచ్చింది. కాకపోతే ఇప్పుడు ఆ పడవ దిగినవాళ్లు నార్వే చూశామనుకోరు, ఆ సినిమాలోని ఎల్సాను చూశామనుకుంటారు.

సాగర్‌లో మనకు ఏమున్నాయి? 1954 నుంచి 1960 వరకు నాగార్జునకొండ లోయలో తవ్వకాలు జరిగాయి. నీళ్లు రాబోతున్నాయని తెలిసి, ముఖ్యమైన కట్టడాలను రాయి రాయిగా విప్పి కొండ పైకీ, అనుపుకూ తరలించి మళ్లీ నిలబెట్టారు. సెట్టు విప్పి ఇంకోచోట కట్టడం నాకు తెలిసిన పనే. కానీ దాదాపు పదిహేడు వందల ఏళ్ల నాటి సెట్టు, వెనకవైపు కూడా ఉన్న సెట్టు విప్పడమంటే చేతులు వణుకుతాయి. మిగిలిన ఊరు మునిగింది. పడవలో దీవికి వెళుతున్నప్పుడు మన కింద ఒక ఊరు ఉంటుంది. ఏ రైడ్ ఇంజనీరు ఆ గగుర్పాటు పుట్టించగలడు?

ఒడ్డున బుద్ధవనం ఉంది. 274 ఎకరాలు, 2022 మేలో తెరిచారు. అందులో జాతక కథల వనం ఉంది. దాన్ని పార్కుల మాటలో చెప్పాలంటే కథల లోకం. ఆ కథలకు నిర్మాత లేడు, హక్కుల గడువు లేదు. అయితే ఒక మాట నిజాయితీగా చెబుతాను. మా మనవరాలు అక్కడ మూడో శిల్పం దగ్గర ఆవలించింది. "ఈ కోతి కదలదా తాతా?" అంది. నేను తిట్టలేదు. జాతక కథలో కోతి దూకుతుంది, రాతిలో దూకదు. కథ చెప్పేవాడు పక్కన ఉంటే దూకేది. ఒగ్గు కథ చెప్పేవాళ్లు, చిందు భాగోతులు మన జిల్లాల్లో ఉన్నారు, జాతర లేని రోజుల్లో పని లేకుండా ఉంటున్నారు. ఫ్రాన్సులో పుయ్ దు ఫూ అనేచోట చుట్టుపక్కల పల్లెలవాళ్లు వేల సంఖ్యలో వేషాలు కట్టి తమ ఊరి చరిత్రను రాత్రిపూట ఆడతారు, 1978 నుంచి. దాని పక్కనే తరవాత పెద్ద పార్కు వచ్చింది. దాని వెనక సినిమా లేదు. వాళ్ల దగ్గర ఉన్నది పాడుబడిన కోట ఒకటి. మనకు దేవరకొండ ఉంది, రాచకొండ ఉంది, గద్వాల కోట ఉంది. పాలమూరు కూలీలు దేశమంతా ప్రాజెక్టులు కట్టారు, వాళ్ల కథ ఎవరూ ఏ పార్కులోనూ చెప్పలేదు. ఆ కథలో రాళ్లు మోసే లిఫ్టు ఉంది, సొరంగం ఉంది, నీళ్లు వదిలే గేటు ఉంది. అన్నీ రైడ్‌లే.

ఆ అమ్మాయి చేయి ఎత్తింది. అడగమ్మా.

(విద్యార్థిని: మరి కట్టమంటారా, వద్దంటారా? రెండూ చెబుతున్నారు.)

దొరికిపోయాను. సరే, కచ్చితంగా చెబుతాను. సాగర్ ఒడ్డున వద్దు. అక్కడ సినిమా పెడితే సినిమా గెలుస్తుంది, లోయ ఓడిపోతుంది. హైవే పక్కన, వట్టి పడావు భూమిలో అయితే కట్టండి. మాయాబజార్ వీధి కట్టండి, ఇటుకతో, నాలుగు వైపులా. గోడ కొట్టి చూస్తే గట్టిగా మోగాలి. గింబళి పిల్లల బరువుకు ఆడాలి, ముసలివాళ్లను వదిలేయాలి. ఈ ఏడాది హిట్ అయిన సినిమా కూడా పెట్టండి, వద్దనను. దాన్ని మాత్రం రేకు మీద రాయించండి. ఉప్పుకాగితం పట్టేవాళ్లకూ పని ఉండాలి కదా.

ఒక చిన్న పని మిగిలింది. ఇక్కడికి నాలుగు కిలోమీటర్లలో పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం ఉంది. మీలో ఎందరు చూశారు? సగం మందే. లింగం వెనక గోడ మీద ఒక స్తంభం నీడ పడుతుంది. పొద్దున పోయినా, మధ్యాహ్నం పోయినా అక్కడే ఉంటుంది. సూర్యుడు కదులుతాడు, నీడ కదలదు. ఎదురుగా ఆ స్తంభం ఏదని వెతికితే, సరిగ్గా ఆ దారిలో ఏదీ ఉండదు. నేరుగా పడే ఎండ కాదు, చెదిరి పక్కల నుంచి లోపలికి వచ్చే వెలుతురు చేసే పని అది. నేను లైట్ల మధ్య బతికినవాణ్ణి, ఒక నీడను గోడ మీద కదలకుండా నిలపాలంటే ఎంత గొడవో నాకు తెలుసు. కరెంటు లేదు, ఆపరేటరు లేడు, వరుసలో గంటలు నిలబడే పని లేదు.

ఇప్పుడు మూడున్నర అయింది. వెలుతురు ఇంకా ఉంది. బయట రెండు ఆటోలు పిలిచి ఉంచాను, పది మంది దాకా పడతారు. చేతులు ఊపి ఆ నీడ చెడుతుందో లేదో చూద్దాం, వచ్చేవాళ్లు లేవండి.